పెద్దల పాట మన నోట

ఇంటిలో ఒక పెద్ద కన్నుమూసిన పిమ్మట మిగిలినవారు పొలమును, ఇంటిని, నగలను, పాత్రసామగ్రిని లెక్కించి పంచుకొందురు. పటము కట్టించి గోడకు తగిలింతురు. కాని ఆ పెద్ద ప్రతిదినము సందెవేళ కూనిరాగముగా తీయుచుండిన పాట ఎవరి వంతునకు వచ్చెనని అడుగువారు లేరు. వీలునామాలో దానికి చోటు లేదు; రిజిస్ట్రారు కచ్చేరిలో దానికి స్టాంపు లేదు. అయినను గతించినవారిని మరల మన చెంతకు తోడ్కొనివచ్చు శక్తి పొలమునకంటెను, పటమునకంటెను పాటకే హెచ్చుగా కలదని మా అభిప్రాయము. ఆ ఆస్తిని పెద్దలు బ్రతికియుండగనే వారి నోటినుండి మన నోటితో పుచ్చుకొనవలెననియు, యంత్రములో దాచినంతమాత్రమున అది మనదైనట్లు కాదనియు ఈ వ్యాసమున విన్నవింప దలచితిమి.

పాటకు ఇంతటి శక్తి ఎట్లు కలిగెనని విద్యార్థులు అడుగవచ్చును. అందులో మాయ ఏమియు లేదు. శిశువు తల్లి గర్భమున కడపటి నెలలలో నుండగనే ఆమె కంఠధ్వనిని వినుచుండుననియు, పుట్టిన కొలది దినములకే ఇతరుల గొంతుకంటె తల్లి గొంతును గుర్తుపట్టి కోరుననియు శాస్త్రజ్ఞులు పరీక్షించి తెలిసికొనిరి. మాటల యర్థము తెలియకమునుపే మనకు తెలిసినది స్వరము. ఆ పిదప వచ్చునది జోలపాట. కథ చెప్పునపుడు ఒక మాట మరచినచో వేరొక మాట పెట్టి గడుపుకొందుము. పాటలో అట్లు కుదురదు. ఒక మాట జారినయెడల తాళము తప్పును, ప్రాస చెడును; కావున పాడువాడు ఆగి ఆ మాటనే వెదకి తెచ్చుకొనవలెను. ఇట్లు రాగము మాటకును, మాట రాగమునకును కాపుండి, రెండును కలిసి జ్ఞాపకమున చిరకాలము నిలుచును. ఆల్జైమర్ అను మతిమరపు వ్యాధిచేత కన్నబిడ్డల పేర్లను సైతము మరచిన వృద్ధులు కొందరు బాల్యమున నేర్చిన పాట చెవినిబడగానే అందుకొని పాడుటను వైద్యులు చూచియున్నారు.

ఇంకొక విశేషము కలదు. నాయనమ్మవద్ద నేర్చిన పాటను మనుమరాలు పాడునపుడు, ఆమె ఊపిరి పీల్చిన చోటనే తానును పీల్చును. ఆమె సాగదీసిన చోటనే తానును సాగదీయును. ఆమె తప్పుగా పలికిన మాటను గూడ అట్లే పలుకును. పొరుగింటివారు విని, “అచ్చముగా మీ నాయనమ్మగారే!” యందురు. గోడపైని పటము నాయనమ్మ ముఖమును మాత్రమే చూపును. ఆ పాటయో, పాడినంతసేపు ఆమె ఊపిరి నడకను మనుమరాలి రొమ్ములో నిలుపును. గతించినవారికిని మనకును ఇంతకంటె దగ్గర చుట్టరికము వేరొకటి కలదా?

యంత్రములు వచ్చిన పిమ్మట ఈ శ్రమ యెందుకని కొందరు ప్రశ్నింతురు. యంత్రమును మేము నిందింపము. 1877వ సంవత్సరమున అమెరికా దేశమున థామస్ ఎడిసన్ మాటను పట్టి నిలుపు ఫోనోగ్రాఫు యంత్రమును నిర్మించెను. 1878లో ఒక పత్రికకు వ్రాసిన వ్యాసమున, ఆ యంత్రము ఏయే పనులకు ఉపయోగపడునో లెక్కించుచు, కుటుంబములోనివారి మాటలను, మరణశయ్యపై నున్నవారి తుదిపలుకులను భద్రపరచుటను గూడ వానిలో నొకటిగా పేర్కొనెను. యంత్రము పుట్టిన మరుసటి యేడే దానితో మృతుల గొంతును నిలుపుకొనవచ్చునన్న తలంపు కలిగెనన్న మాట. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను పట్టిరి. పిమ్మట మన దేశమున ఊరూరను రికార్డులు వ్యాపించెను.

ఆ కంపెనీవారి రికార్డులపై నుండు కుక్కబొమ్మను మన పెద్దలెల్లరు ఎరుగుదురు. ఆ కుక్క పేరు నిప్పర్. దాని మొదటి యజమాని ఆంగ్లదేశీయుడగు మార్క్ బరాడ్ 1887లో గతింపగా, అది ఆయన సోదరుడును చిత్రకారుడును అగు ఫ్రాన్సిస్ బరాడ్‌ను చేరెను. 1895లో కుక్కయు చచ్చెను. ఆ తరువాత ఫ్రాన్సిస్ ఆ కుక్క ఫోనోగ్రాఫు ముందు కూర్చుండి చెవి యొగ్గి వినుచున్నట్లు చిత్రము వ్రాసెను. 1899లో కంపెనీవారు కొనునపుడు ఫోనోగ్రాఫుకు బదులు గ్రామఫోనును వ్రాయించిరి. చిత్రమునకు పెట్టిన పేరు యజమాని గొంతు అను అర్థమునిచ్చును. చిత్రము ముగియునాటికి ఆ యజమానియు లేడు, ఆ కుక్కయు లేదు. ఆ బొమ్మను చూచి జాలిపడనివారు అరుదు. కాని యొక్క మాట. ఆ కుక్క తల యోరగా పెట్టి వినగలదేగాని, విన్నదానిని పాడలేదు. మనుష్యుడు పాడగలడు. అట్టివాడు యంత్రము ముందు చెవి యొగ్గి కూర్చుండుటతోడనే తృప్తిపడరాదని మేము చెప్పుచున్నాము.

2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి వ్యాపించినపుడు అనేక కుటుంబములవారు తమవారి కడసారి చూపునకైనను నోచుకొనలేదు. పదిమంది కూడి పాడుటకుగాని, ఏడ్చుటకుగాని వీలులేకపోయెను. అట్టి యిండ్లలో సెల్‌ఫోనున మిగిలిన ఒక చిన్న మాట, ఒక పుట్టినరోజు పాట ఎంతటి ఊరటయో అనుభవించినవారే ఎరుగుదురు. దానిని తుడిచివేయుడని చెప్పుటకు మాకు నోరు రాదు. దానిని పదిలముగా దాచుకొనవలసినదే. కాని యంత్రమునకు ఆయువు కలదు. ఒకప్పుడు తాతగారి భజనను క్యాసెట్టులో పట్టి బీరువాలో పెట్టుకొన్న కుటుంబములు నేడు దానిని వినిపించు యంత్రము దొరకక చిక్కుపడుచున్నవి. సెల్‌ఫోను నీటబడును, దొంగలపాలగును, చెడును. నోట నిలిచిన పాటకు అట్టి భయము లేదు. దానికి ఉండునది ఒక్కటే భయము, పాడువారు లేకపోవుట.

యంత్రము లేకయే పాట నిలుచుననుటకు త్యాగరాజస్వామికంటె గొప్ప సాక్ష్యము మనకు అక్కరలేదు. ఆయన 1767లో పుట్టి 1847లో గతించెను. ఫోనోగ్రాఫు పుట్టుటకు ఇంకను ముప్పది సంవత్సరములు ఉండెను. ఆయన గొంతు ఎట్టిదో విన్నవాడు నేడు భూమిపై ఒక్కడును లేడు. అయినను ఆయన కీర్తనలు సుమారు 700 నేటికిని మనకు దక్కియున్నవి. ఎట్లు దక్కెను? తిరువయ్యారున ఆయన ఎదుట కూర్చుండి విన్న శిష్యులు నేర్చిరి. వారు తమ శిష్యులకు చెప్పిరి. తిల్లస్థానము, ఉమయాళ్‌పురము, వాలాజాపేట యను ఊళ్ల పేర ఆ శిష్యపరంపరలు ప్రసిద్ధి కెక్కెను. కొందరు వ్రాసియుంచిరి, కాని తాటాకున మాట నిలిచినంతగా గమకము నిలువదు. గమకమును నిలిపినది మనుష్యుని కంఠమే. తమిళదేశమున కావేరి యొడ్డున పుట్టిన ఆ తెలుగు పాటలు, తెలుగు మాతృభాష కానివారి కంఠములలో సైతము ఇన్ని తరములు చెక్కుచెదరక నిలుచుట మన భాషకే గౌరవము. మన క్రైస్తవసమాజములలో పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల సంగతియు ఇట్టిదే. 1803లో పుట్టి 1890లో గతించిన ఆ కవి గొంతును మనలో ఎవ్వరును వినలేదు. ఆయన పాటను వినని తెలుగు సంఘము అరుదు.

పాట మనలను రక్తసంబంధులతో మాత్రమేగాక, మనము కన్నులార చూడని మహనీయులతోను కలుపును. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న, అనగా భద్రాచల రామదాసు, పదునేడవ శతాబ్దమున గోలకొండ చెఱసాలలో బాధల ననుభవించుచు కీర్తనలు పాడెను. ఆయన గతించిన చాలకాలమునకు పుట్టిన త్యాగరాజు తన కీర్తనలలో ఆయనను పేరుపెట్టి స్మరించెను. ఒకరు గోదావరి తీరమువాడు, ఒకరు కావేరి తీరమువాడు. ఇద్దరును ఒకరినొకరు చూడలేదు. వారిని కలిపినది పాట.

అంతటితో ఆ వరుస నిలిచిపోలేదు. త్యాగరాజు గతించిన ముప్పదియొక్క సంవత్సరములకు, 1878లో, మైసూరు దేశమున బెంగుళూరు నాగరత్నమ్మ జన్మించెను. దేవదాసి కులమున పుట్టి, సంగీతము నేర్చి, చెన్నపట్టణమున కచ్చేరీలు చేసి ధనమును కీర్తిని గడించెను. తాను దినమును పాడుచున్న కీర్తనలను రచించిన మహానుభావుని సమాధి తిరువయ్యారున పాడుబడియున్నదని విని ఆమె తాళలేకపోయెను. తన సొమ్ము వెచ్చించి ఆ స్థలమున ఆలయము కట్టింపగా 1925లో ప్రతిష్ఠ జరిగెను. అయినను స్త్రీ యైనందున అచటి ఆరాధనోత్సవమున పాడుటకు ఆమెకు అనుమతి లేకపోయెను. ఆమె కోపించి వెడలిపోలేదు. 1927లో స్త్రీలచేతనే వేరుగా ఆరాధన జరిపించెను. కొన్ని సంవత్సరములకు పక్షములన్నియు ఏకమయ్యెను. నేడు ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు స్త్రీపురుషులు ఒక్కచోట కూర్చుండి పంచరత్న కీర్తనలను ఏకకంఠముగా పాడుచున్నారు. ఆమె 1952లో గతించెను. ఆమె సమాధియు అచటనే, త్యాగరాజస్వామి సమాధి కెదురుగా నున్నది. తాను పుట్టుటకు ముప్పదియేండ్లకు పూర్వమే పోయినవానిని ఆమె తండ్రివలె, గురువువలె ఎంచి తన సర్వస్వమును సమర్పించెను. ఏ బంధుత్వమున? ఆయన పాటను తన కంఠమున మోసిన బంధుత్వముననే గదా. కేవలము వినుటచేత ఇంతటి బంధము కలుగునా యని చదువరులే ఆలోచింతురుగాక.

ఇక దుఃఖసమయమున పాట చేయు మేలునుగూర్చి చెప్పుదుము. అమెరికా దేశమున నీగ్రో జాతివాడగు థామస్ డార్సీ యను సంగీతవేత్త చికాగో నగరమున నివసించుచుండెను. 1932 ఆగస్టు మాసమున ఆయన పాడుటకై సెంట్ లూయిస్ నగరమునకు వెళ్లియుండగా, ప్రసవమున భార్య మరణించెనని తంతి వచ్చెను. ఇంటికి పరుగెత్తి వచ్చునప్పటికి శిశువు బ్రతికియుండెను. ఆ పసివాడును కొలది గంటలకే పోయెను. తల్లిని, బిడ్డను ఒక్కసారిగా పాతిపెట్టి వచ్చిన ఆయన ఇక పాటయే వలదనుకొనెను. కాని కొలది దినములకే పియానో ముందు కూర్చుండి, పూర్వమునుండి ప్రసిద్ధమైన యొక మట్టుకు, తన చేయిపట్టి నడిపింపుమని దేవుని వేడు మాటలను కట్టెను. ఆ పాట ఆయన యొక్కనిదిగా నిలువలేదు. మార్టిన్ లూథర్ కింగ్‌కు అది మిక్కిలి ప్రియమైనది. 1968 ఏప్రిలు 4వ తేదీన ఆయన హతుడగుటకు కొలది నిమిషములు ముందు ఆ రాత్రి సభలో దానినే పాడవలెనని కోరెను. ఆయన అంత్యక్రియలయందు మహేలియా జాక్సన్ దానిని పాడెను. ఒక యింటి దుఃఖమునుండి పుట్టిన పాట ఒక జాతి దుఃఖమునకు ఊతకోల యయ్యెను. డార్సీ 1993 వరకు జీవించి తన పాట చేసిన మేలును కన్నులార చూచెను.

ఇట్టి పాటలు పుండును మరల రేపునని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. తండ్రి పోయిన బాలుడు తండ్రి పాటను పాడబోగా, “వద్దు నాయనా, అమ్మ ఏడ్చును” అని వారింతురు. వారి ప్రేమను మేము శంకింపము; పద్ధతిని మాత్రము అంగీకరింపము. పాట మానినంతమాత్రమున దుఃఖము పోదు, లోపల కూర్చుండును. పాడినపుడు కన్నీరు వచ్చుట నిజము. కాని ఆ కన్నీటికి ఒక తాళము, ఒక మొదలు, ఒక ముగింపు ఉండును; చరణము ముగియగానే మనస్సు కొంత తేలికపడును. అమ్మ ఏడ్చినచో ఏడ్వనిండు. రెండవ చరణమున ఆమెయే గొంతు కలుపవచ్చును.

దుఃఖదినమున మాత్రమే వినబడు పాటకు వేరొక చిక్కు కలదు. 1974లో గతించిన ఘంటసాలగారు పాడిన భగవద్గీతను మన పట్టణములలో చావు జరిగిన యింట వినిపించుట వాడుకయైనది. తత్ఫలితముగా తక్కిన దినములలో అది వినబడినయెడల, “ఎవరు పోయినారు?” అని జనులు ఉలికిపడుచున్నారు. పాట చేసిన నేరమేమి? బ్రతుకులో పాడక చావునకు మాత్రమే దాచిపెట్టిన నేరము మనది. కావున పెద్దలకు ప్రియమైన పాటలను పెండ్లిలో, పండుగలో, వంటయింట, పొలమున గూడ పాడవలెను. అప్పుడు ఆ పాట వారి చావును మాత్రమేగాక వారి బ్రతుకును గుర్తుచేయును.

“మాకు గొంతు లేదు” అను విద్యార్థులు కలరు. అమ్మమ్మ జోలపాటకు పరీక్షాధికారులు లేరు, మార్కులు లేవు. శ్రుతి కొంచెము తప్పినను ఆ పాట మీదే. “పరీక్షలు దగ్గరపడినవి, తీరిక లేదు” అను తల్లిదండ్రులకు మేము చెప్పునది ఒక్కటి. తప్పిన పరీక్షకు మరుసటి యేడు మరల కూర్చుండవచ్చును. పోయిన తాతగారిచేత మరల పాడించుట ఎవరి తరము? ఇక, “మా యింటివి మోటపాటలు, దంపుళ్లపాటలు, నాట్లపాటలు, సినిమాపాటలు, అవి పాఠశాలకు తగునా?” అని సిగ్గుపడువారు కొందరు. తగునని మా దృఢాభిప్రాయము. త్యాగరాజ కీర్తన యింటనున్నవారు దానినే నేర్తురుగాక. తల్లి విసుర్రాయి త్రిప్పుచు పాడిన పాట యున్నవారు దానినే నేర్తురుగాక. మీ తండ్రి సైకిలు త్రొక్కుచు ఈలవేసినది సినిమాపాటయే యైనను, అది మీకు తండ్రి పాటయే.

కావున ఈ వేసవి సెలవులలో మన పాఠశాల విద్యార్థు లెల్లరు ఒక పని చేయవలెనని కోరుచున్నాము. ఇంటిలో అందరికంటె పెద్దవారి యొద్ద కూర్చుండి, వారికి మిక్కిలి ఇష్టమైన పాట నొకదానిని అడుగుడు. మాటలను నోటుబుక్కులో వ్రాసికొనుడు. ఆ పాట వారికి ఎవరు నేర్పిరో, ఏ యూరిలోనో, ఏ పనిచేయుచు పాడెడివారో గూడ వ్రాయుడు. సెల్‌ఫోనులో పట్టుకొనుడు, అందు దోషము లేదు. కాని అంతటితో లేవవలదు. వారి యెదుటనే పాడి, తప్పులు దిద్దించుకొని, పుస్తకము చూడక పాడగలుగువరకు నేర్వుడు. పిమ్మట మీకంటె చిన్నవారికి ఒకరికి నేర్పుడు. వసతిగృహమున నుండి చదువుకొను బాలబాలికలలో ఇంట పెద్దలు లేనివారు కలరు. వారు వంటమనిషి యొద్దనో, తోటమాలి యొద్దనో, ఊరిలోని యొక ముదుసలి యొద్దనో నేర్చుకొందురుగాక. త్యాగరాజస్వామి నాగరత్నమ్మకు ఏమగును? పాటతో కలిగిన చుట్టరికమునకు పుట్టుకతో పనిలేదు. అడిగిన దినమున ఆ ముదుసలికి కలుగు సంతోషము సామాన్యమైనది కాదు. తన పాటను అడుగువారు ఇంక లేరని ఆమె యెన్నడో అనుకొనియుండును.

ఉపాధ్యాయులును పాఠశాల యధికారులును వార్షికోత్సవమున ఒక గంట కాలమును ఈ పాటలకు కేటాయింతురని ఆశించుచున్నాము. బహుమతులు అక్కరలేదు. పాడు విద్యార్థి ముందుగా, ఇది ఫలానావారి పాటయని ఆ పెద్ద పేరు చెప్పి పాడినచో చాలును. ఆ పేరు కలవారు బ్రతికియున్నయెడల ముందు వరుసలో వారికి కుర్చీ వేయింతుము. గతించినవారైనచో, పాట ముగియువరకు అందరము నిశ్శబ్దముగా విందుము.